పేరు మరచిన కథ

మొన్న మా బడంగ్‌పేట్ గ్రంథాలయానికి ఒక అవ్వ వచ్చింది. "నాయనా! చిన్నప్పుడు మా అమ్మ చెప్పిన కథ. పండుగ నాడు మొగడు షావుకారి పైసలు దొంగతనంగ తెస్తడు. పెండ్లాం వాటిని ముట్టదు, మల్ల ఇచ్చి రమ్మంటది. నా మనుమరాలికి చదివించాలె" అన్నది.

కథ పేరు తెలియదు, వ్రాసినవారెవరో తెలియదు. బీరువాలన్నీ గాలించి, సుల్తాన్‌బజారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో ఉన్న మిత్రుణ్ణి అడిగాను.

"ఏ పండుగో కనుక్కున్నారా?" అన్నాడాయన.

అవ్వను అడిగితే, "దీపావళికి ముందటి త్రయోదశి" అన్నది. ఆ ఒక్క మాట పట్టుకొని, కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయానికి వ్రాశాము. జవాబు వచ్చింది: భండారు అచ్చమాంబగారి "ధనత్రయోదశి", హిందూసుందరి పత్రిక, 1902. గురజాడవారి "దిద్దుబాటు" కంటె ఎనిమిదేండ్లు ముందుదన్నమాట!

తమాషా చూడండి: మేము మొదట తలుపు తట్టిన భాషానిలయాన్ని 1901లో స్థాపించినవారిలో కొమర్రాజు లక్ష్మణరావుగారు ఒకరు. ఆయన అచ్చమాంబగారికి స్వయాన తమ్ముడు.

మనుమరాలు కథ చదువుతుంటే అవ్వ కళ్లు మూసుకొని విన్నది. చివరకు, "ఆడమనిషే రాసిందా? మా అమ్మ ఆ సంగతి చెప్పనేలేదు!" అన్నది.

పాఠకులారా, కథ ఇంటింటా నిలిచింది. పేరును నిలుపవలసింది మాత్రం గ్రంథాలయమే.