బిడ్డ అడిగినప్పుడు: సండే స్కూల్ టీచర్ల ప్రణాళిక

మేము గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లోని కొన్ని పల్లె సంఘాల్లో, పట్నం సంఘాల్లో సండే స్కూల్ చెప్పేవాళ్లం, యవ్వనస్థుల కూటాలు నడిపేవాళ్లం. మాలో లూథరన్లున్నారు, బాప్టిస్టులున్నారు, సీఎస్ఐ వాళ్లున్నారు, ఏ పెద్ద సంఘానికీ చెందని చిన్న మందిరాల వాళ్లూ ఉన్నారు. బాప్తిస్మం చంటిబిడ్డకివ్వాలా, ఎదిగాక ఇవ్వాలా అన్న దగ్గర మాకు పొత్తు కుదరదు. ఇక్కడ ఆ ఊసు ఎత్తం. ఒక్క మాట దగ్గర మాత్రం అందరం కలిశాం: బిడ్డ ప్రశ్నకు చోటివ్వని సంఘంలో బిడ్డ విశ్వాసం నిలవదు. మిగతావన్నీ ఆ మాట నుంచి వచ్చినవే.

ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. పస్కా పండుగను నియమించినప్పుడే పిల్లలు ‘ఇదెందుకు చేస్తున్నారు’ అని అడుగుతారని, అప్పుడు పెద్దలు ఏం చెప్పాలో కూడా నిర్గమకాండం పన్నెండో అధ్యాయంలో ఉంది. పన్నెండేళ్ల యేసు యెరూషలేము దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, అడుగుతూ కనిపించాడని లూకా రాశాడు. ఆ బోధకుల్లో ఎవరూ ‘నువ్వు చిన్నవాడివి, ఊరుకో’ అనలేదు.

మన సండే స్కూల్ ఎలా నడుస్తోందో చూద్దాం. ఆరాధనకు ముందు ఒక గంట. మందిరం వరండాలో ప్లాస్టిక్ పట్టా పరుస్తాం. మూడేళ్ల పాప నుంచి ఎనిమిదో తరగతి పిల్లాడి దాకా అందరూ దాని మీదే. రెండు యాక్షన్ సాంగ్స్, ఒక కథ, ఒక కంఠత వాక్యం. వాక్యాన్ని తడుముకోకుండా అప్పజెప్పిన పిల్లకు చాక్లెట్. ఆ పిల్ల చాక్లెట్ కాగితం విప్పుతూ, ‘టీచర్, ఓడలోకి ఎక్కని చిన్నపిల్లలు ఏమయ్యారు?’ అంటుంది. సరిగ్గా అప్పుడే లోపల మైకులో పాట మొదలవుతుంది. ‘తర్వాత చెబుతానమ్మా’ అని పట్టా చుట్టేస్తాం. ఆ ‘తర్వాత’ అనేది రాదు. నాలుగుసార్లు అలా జరిగితే పిల్ల అడగడం మానేస్తుంది. పదిహేనేళ్లకు రావడం మానేస్తుంది. అప్పుడు మనం లోకం లాక్కుపోయిందంటాం.

ఇకమీదట ఆ గంటలో మూడో వంతు ప్రశ్నలదే. కథ చిన్నదైనా ఫరవాలేదు, పాట ఒకటి తగ్గినా ఫరవాలేదు. ప్రతి తరగతికీ ఒక నోటుబుక్ పెడతాం. ఆ పూట జవాబు చెప్పలేని ప్రశ్నను పిల్లల ముందే అందులో రాస్తాం. ‘నాకు తెలియదు నాన్నా, అడిగి వచ్చే ఆదివారం చెబుతాను’ అనడానికి ఏ టీచరూ సిగ్గుపడనక్కర్లేదు. నెలకోసారి ఆ పుస్తకాన్ని అయ్యగారి ముందు పెడతాం. పిల్లలు ఏం అడుగుతున్నారో తెలిస్తే పెద్దలకు ఏం చెప్పాలో కూడా ఆయనకు తెలుస్తుంది.

భయపెట్టి బిడ్డను దేవుడి దగ్గరకు తీసుకురాం. నరకం బొమ్మలు చూపించడం, ‘ఈ రాత్రే చచ్చిపోతే ఎక్కడికి పోతావు’ అని ఏడేళ్ల పిల్లను అడగడం, ఏడ్చిన పిల్లల చేతులెత్తించి, వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) ఆఖరి రోజు ‘ఇందరు రక్షణ పొందారు’ అని రిపోర్టు రాయడం మా దగ్గర ఉండవు. యేసు పిల్లల్ని ఎత్తుకున్నాడు, తల మీద చేతులుంచాడు, దీవించాడు. వాళ్లను అడ్డుకున్న శిష్యుల మీద కోపపడ్డాడు. సువార్తల్లో పిల్లల్ని ఆయన బెదిరించిన చోటు ఒక్కటీ లేదు. పాపం గురించి, మరణం గురించి బిడ్డకు చెప్పొద్దని మేము అనడం లేదు. తాతయ్య పోయిన ఇంట్లో పిల్లలు ఎలాగూ అడుగుతారు. అడిగినప్పుడు పక్కన కూర్చుని, వాళ్లకు తెలిసిన మాటల్లో, నిజం చెప్పాలి.

ఇక ఇల్లు. వారానికి ఒక గంట మా దగ్గర ఉండే బిడ్డ మిగతా వారమంతా ఇంట్లో, బడిలో, వీధిలో ఉంటుంది. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం ఈ పనిని తల్లిదండ్రులకే అప్పజెప్పింది: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. 1529లో మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరి రాసింది కూడా ఇందుకే. అంతకుముందు సాక్సనీలో ఊరూరా తిరిగి సంఘాలను చూసి, జనానికి పది ఆజ్ఞలు కూడా సరిగ్గా తెలియవని కలత చెంది, ఇంటి పెద్ద తన ఇంటివాళ్లకు నేర్పుకునేలా ఆ పుస్తకం కూర్చాడు. మన లూథరన్ సంఘాల్లో అది కన్ఫర్మేషన్ క్లాసుకు మాత్రమే మిగిలింది. ఇంట్లో దాన్ని తెరిచేవాళ్లు తక్కువ.

అయితే తల్లిదండ్రులను నిలదీసే పని మేము చెయ్యం. మిరపకోతల రోజుల్లో తెల్లవారకముందే ఆటో ఎక్కి, పొద్దుగూకాక ఇల్లు చేరే తల్లికి ‘కుటుంబ ప్రార్థన చేస్తున్నావా’ అన్న ప్రశ్న మరో బరువు. ఆ తల్లికి మేము చెప్పేది ఇంతే: అన్నం తిన్నాక పది నిమిషాలు. ఒక కీర్తన, ఒక చిన్న కథ, బిడ్డ పేరు పెట్టి ఒక ప్రార్థన. చదువు రాకపోతే నోటికొచ్చిన పాట పాడండి, మీరు పడ్డ కష్టంలో దేవుడు ఎలా తోడున్నాడో మీ మాటల్లో చెప్పండి. అమ్మ కువైట్‌లోనో, నాన్న హైదరాబాదు పనుల్లోనో ఉంటే అమ్మమ్మ చెబుతుంది. తిమోతికి విశ్వాసం ఎవరి నుంచి వచ్చిందో చెబుతూ పౌలు మొదట అవ్వ లోయి పేరే తలిచాడు, తర్వాతే తల్లి యునీకే పేరు. తండ్రులకు మాత్రం ఒక మాట గట్టిగా చెబుతాం. పిల్లలకు కోపం పుట్టించవద్దని ఎఫెసీయులకు రాసిన పత్రిక హెచ్చరించింది తండ్రులనే. మందిరంలో కానుక పళ్లెం పట్టుకునే చెయ్యి ఇంట్లో భార్య మీద లేస్తే, ఆ ఇంటి బిడ్డకు మేము చెప్పే ఏ పాఠమూ అంటదు.

సండే స్కూల్ పుట్టిందే అక్షరం నేర్పడానికి. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో పత్రిక నడిపే రాబర్ట్ రైక్స్, ఆరు రోజులు పనిలో మగ్గి ఆదివారం వీధుల్లో తిరిగే పిల్లలను పోగుచేసి చదవడం నేర్పించాడు. బైబిలే వాళ్లకు వాచకం. మన వైపూ జరిగింది అదే. 1876-78 కరువు చివర, 1878 జూలై 3న, ఒంగోలు క్లౌ దొర మిషన్ చేతుల మీదుగా గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది బడి గడప తొక్కనివ్వని వాడల జనం. ఆ వాడల్లో తర్వాతి తరానికి అఆలు దిద్దించింది పాకలో ఉపదేశి నడిపిన బడి. ఇవాళ వాళ్ల మునిమనవలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. సంతోషం. కానీ తెలుగు పాటను ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడుతున్నారు, తెలుగు బైబిల్ చేతిలో పెడితే ఒక వచనం దాటేసరికి అలసిపోతున్నారు. అవ్వ చదివే బైబిల్‌ను మనవరాలు చదవలేకపోతే ఆ ఇద్దరూ కలిసి కూర్చునే చోటు పోతుంది. అందుకని వారం మధ్యలో ఒక సాయంత్రం మందిరంలో తెలుగు చదవడం నేర్పుతాం. బడి మానేసిన పిల్లలకు లెక్కలు కూడా. ఏ కులం బిడ్డైనా, ఏ మతం బిడ్డైనా రావచ్చు. వచ్చిన బిడ్డను మతం మారమని అడగం, అడగనివ్వం.

యవ్వనస్థుల దగ్గరికి వద్దాం. సంఘంలో వాళ్లకు మనం ఇచ్చిన పనులేమిటి? కుర్చీలు వేయడం, సౌండ్ బాక్సులు మోయడం, క్రిస్మస్ స్టార్ కట్టడం, ప్రేమ విందులో వడ్డించడం. అవి చిన్న పనులని మేము అనం. ఆ పనులు చేసినవాడికి సంఘ లెక్కలు చూసే హక్కు, కమిటీలో మాట్లాడే చోటు ఎందుకు లేవన్నది మా ప్రశ్న. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య, దోర్నకల్ ప్రాంతంలో బాప్తిస్మం పొందిన కూలీల చేత చెయ్యి నెత్తిన పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత తమదేనని పలికించేవాడు. అక్షరం రాని మనిషి మీద అంత నమ్మకం పెట్టుకున్న నేల ఇది. డిగ్రీ చదివిన ఇరవై ఐదేళ్ల అమ్మాయిని మనం ఇంకా ‘పిల్ల’ అనే పక్కన పెడుతున్నాం. ప్రతి సంఘ కమిటీలో ముప్పై ఏళ్లలోపు వాళ్లు కనీసం ఇద్దరు, అందులో ఒకరు అమ్మాయి, ఓటు హక్కుతో ఉండాలని కోరుతున్నాం.

తొమ్మిదో తరగతి నుంచి మన పిల్లలు ఆదివారం కనపడరు. ఫౌండేషన్ కోర్సు, హాస్టల్, ఆదివారం పరీక్ష. దేవుణ్ణి నిర్లక్ష్యం చేస్తే మార్కులు రావని మేము అనం, అది అబద్ధం. వాళ్లు రాలేకపోతే మేమే పోతాం. పేరెంట్స్‌ను రానిచ్చే ఆదివారం టీచరు కూడా హాస్టల్ గేటు దగ్గర ఉంటారు. ఇంటర్ ఫలితాలు వచ్చాక మన మందిరాల్లో ఒక అలవాటు ఉంది. మంచి మార్కులొచ్చినవాళ్లను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పిస్తాం. తప్పినవాళ్లు ఆ వారం రారు. కొందరైతే చాలా నెలలు రారు. ఈ తెలుగు నేల మీద ఫలితాల రోజున ఎంతమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో మనందరికీ తెలుసు. కాబట్టి ఫలితాలు వచ్చిన సాయంత్రం మా మొదటి అడుగు తప్పిన బిడ్డ ఇంటికి. ప్రసంగం ఉండదు, కీర్తన ఉండదు. కూర్చుంటాం, వాళ్లతో అన్నం తింటాం, ఆ రాత్రి ఆ బిడ్డ ఒంటరిగా ఉండకుండా చూస్తాం. ఓడిపోయినవాళ్ల సాక్ష్యానికి కూడా ఆరాధనలో చోటు ఉండాలి. కీర్తనల గ్రంథంలో ఎన్నో కీర్తనలు అలాంటివాళ్ల మొరే కదా.

కులం, కట్నం గురించి యువత అడిగితే మన పెద్దలు మాట మారుస్తారు. ఒకే ఊళ్లో ఒకే పేరుతో రెండు మందిరాలు ఎందుకున్నాయని పద్నాలుగేళ్ల కుర్రాడు అడిగితే జవాబు మనందరికీ తెలుసు, నోరు పెగలదు. ఆ మాట మేము యువతతో దాచకుండా మాట్లాడతాం. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ కావ్యంలో గబ్బిలం చేత శివుడికే కబురు పంపి, తనను గుడి బయట నిలబెట్టినందుకు నిలదీశాడు. అదే కవి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ రెండు పుస్తకాలూ మా యువకూటాల్లో చదువుతాం. కట్నం 1961 నుంచే చట్టం ప్రకారం నేరం. కట్నం మాట్లాడుకున్న పెళ్లిలో పాట పాడటానికి మా యువబృందం వెళ్లదు. పెద్దలకు కోపం వస్తుందని తెలుసు.

ఇంకో విషయం ఉంది, చాలామంది గొంతు తగ్గించి మాట్లాడేది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఇవ్వదు. తర్వాత సిక్కులకు, బౌద్ధులకు ఇచ్చారు, మనకు లేదు. ఇక్కడ దళిత క్రైస్తవులను బీసీ-సీలో, ఒక్క శాతం కోటాలో ఉంచారు. అందుకే ఎన్నో ఇళ్లలో బిడ్డకు మందిరంలో ఒక పేరు, బడి రికార్డులో మరో పేరు, మతం గడిలో మరో మాట. ‘టీచర్, నేను ఎవర్ని?’ అని ఆ బిడ్డ అడిగే రోజు వస్తుంది. సర్టిఫికెట్ చూపించి ఏ బిడ్డనూ, ఏ తల్లినీ మందిరంలో సిగ్గుపరచం. ఆ ఉత్తర్వు చరిత్ర పూర్తిగా చెబుతాం. ఇందులో తప్పు ఆ బిడ్డది కాదని, మతాన్ని బట్టి హక్కును కొలిచిన చట్టానిదని చెబుతాం.

అన్నిటికన్నా ముందు అమలు కావాల్సింది బిడ్డల భద్రత. మందిరమని, దైవసేవకుడని నమ్మి బిడ్డను పంపుతారు. ఆ నమ్మకం చాటునే హాని జరిగే అవకాశం ఉంది. కాబట్టి ఏ పెద్దా ఒక్క బిడ్డతో తలుపు వేసిన గదిలో ఉండకూడదు, ప్రార్థనకైనా సరే. వీబీఎస్‌కు, రిట్రీట్‌కు ఆడపిల్లలతో ఆడ టీచర్లు తప్పనిసరి. రాత్రి పూట పిల్లలకు పర్సనల్ మెసేజ్‌లు పంపకూడదు. బిడ్డ వచ్చి ‘ఫలానా అన్న ఇలా చేశాడు’ అంటే నమ్మడంతో మొదలుపెడతాం. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా నేరమే. సంఘం పరువు, అయ్యగారి పేరు, ‘ప్రార్థనలో పెడదాం’ అన్న మాట, ఏదీ దీనికి అడ్డు రాదు. ప్రార్థన చేస్తాం, స్టేషన్‌కూ వెళ్తాం. పెద్దమనుషుల మధ్య రాజీకి మాలో ఎవరూ కూర్చోరు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 అంకెలు సండే స్కూల్ గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో రాస్తాం. కంఠత వాక్యంతో పాటు ఆ నాలుగు అంకెలూ నేర్పిస్తాం.

ఈ కాగితం మా సంఘాల కమిటీల ముందుకు వెళ్తోంది. మార్పులు చెబితే వింటాం, భద్రత గురించిన భాగంలో తప్ప. ఒప్పుకున్న సంఘాల్లో బడులు తెరిచే జూన్‌లో, మొదటి ఆదివారం, తల్లిదండ్రులనూ పిల్లలనూ ఒకేచోట కూర్చోబెట్టి దీన్ని మొదటి నుంచి చివరి దాకా చదువుతాం. చదివాక మొదట మాట్లాడే అవకాశం పిల్లలకు.