సముద్రం మీద గీతలు, చెరువు కింద వాడలు

సముద్రం మొఖం చూడని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పాఠకులకు ఈ సంచికలో సముద్రం ముచ్చట ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. కాళేశ్వరం కాడ మనం దోసిట పట్టే గోదావరి నీళ్లే యానాం దాటి సముద్రంలో కలుస్తున్నయి. ఆ యానాం ఉన్న పుదుచ్చేరినీ, లక్షద్వీప్‌నూ ఎంచుకొని కేంద్ర సర్కారు 2019లో నార్వే దేశంతో ఒప్పందం చేసుకుంది. ఓడల దారి ఎక్కడ, చేపల వేట ఎక్కడ, టూరిజం ఎక్కడ, ముట్టకుండా వదలాల్సిన చోటు ఎక్కడ అని నీళ్లను వాటాలేసే పని అది. సముద్ర ప్రాదేశిక ప్రణాళిక అని దానికి పేరు పెట్టిన్రు.

పేరు కొత్తదే, పని పాతది. ఊరు ఇటు, వాడ అటు, మంచినీళ్లు మీది వాళ్లకు, మురుగు కింది వాళ్లకు అని గీత గీసినోడు ఏ యూనివర్సిటీలో ప్లానింగ్ చదివిండు? 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగింది ఆ గీత మీద కాలు పెట్టే.

గీతలే వద్దని మేము అనడం లేదు. గీత లేని చోట బలిసినోడిదే రాజ్యం. ఆంధ్ర తీరంలో 8 కిలోమీటర్ల లోపల మరపడవలు వేటాడరాదని రూలున్నది. తెప్ప మీద బతికేటోడికి ఆ రూలే అన్నం. కాబట్టి గీత ఉండాలా వద్దా అనేది కాదు అసలు పేచీ. దాన్ని గీసేటప్పుడు ఎవరిని అడిగిన్రు, చెరిపేటప్పుడు ఎవరి కోసం చెరిపిన్రు అన్నదే పేచీ.

1991 ఫిబ్రవరి 19న కేంద్రం తీర ప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్ తెచ్చింది. సముద్రపు పోటు నీరు తాకే గీత నుంచి 500 మీటర్ల దాకా ఇష్టమొచ్చినట్టు కట్టడానికి వీల్లేదన్నది. ఆ కాలంలోనే నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా రొయ్యల గుంటలు విరుచుకుపడ్డయి. వరి చేలు పోయినయి, వాటితో నాట్లు, కోతల కూలి పోయింది. బావుల్లో ఉప్పు నీళ్లు ఊరినయి. పోయింది ఎవరి కూలి? బిందె పట్టుకొని మైళ్లు నడిచింది ఎవరి ఆడోళ్లు? పట్టాదారుకు కౌలు పైసలన్నా దక్కినయి.

ఆ గుంటల మీద సుప్రీంకోర్టుకు పోయింది తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్. ఆయన భార్య కృష్ణమ్మాళ్ దళిత కూలీల బిడ్డ. 1968 డిసెంబర్ 25న కీలవెన్మణిలో 44 మంది దళితులను తగలబెట్టినంక ఆ దంపతులు తంజావూరు పల్లెల్లో ఉండి, కూలి ఆడోళ్ల పేర భూములు రాయించిన్రు. 1996 డిసెంబర్ 11న కోర్టు తీర్పు చెప్పింది. ఆ మండలిలో రొయ్యల పరిశ్రమ ఉండరాదన్నది. పని పోయే కూలీలకు ఆరేండ్ల జీతం అదనంగా ఇవ్వాలన్నది. ఈ రెండో ముక్క మన పత్రికల్లో ఎంతమంది రాసిన్రు? తర్వాత ఏమైంది? 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, తీర్పును పక్కకు నెట్టి రొయ్యలకు దారి ఇచ్చింది. మన గుడిసె కోసం ఎన్నడన్నా ఏ గీతైనా ఇంత తొందరగా జరిగిందా?

కొల్లేరు సంగతీ అంతే. 1970ల్లో సర్కారే చేపల సొసైటీలు పెట్టించింది. వడ్డి కులస్తులతో పాటు దళితులకూ చెరువులన్నది. కాగితం మీద సభ్యులు మనోళ్లు, గట్టు మీద పెత్తనం డబ్బున్నోళ్లది. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2006లో గట్లు పేల్చిన్రు. పెట్టుబడి పెట్టినోడు ఇంకో చోటుకు పోయిండు. సొసైటీ సభ్యుడు ఎక్కడికి పోవాలె?

ఇగ మన ఇంటికి వద్దాం. 2024లో హైదరాబాద్‌లో హైడ్రా వచ్చినప్పటి నుంచి ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు మన పల్లెల్లో కూడా వినబడుతున్నయి. చెరువు నిండితే నీరు ఎంత దూరం పారుతదో ఆ గీతే ఎఫ్‌టీఎల్. చెరువులను కబ్జా నుంచి కాపాడాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ నీళ్లు దిగినంక శిఖంలో ఇంత పెసరో జొన్నో చల్లుకునేది ఎవరు? ఎక్కడా జాగ దొరక్క చెరువు కింద గుడిసె వేసుకున్నది ఎవరు? వెంచరు వేసినోడినీ వీళ్లనూ ఒకే కబ్జాదారు లెక్కలో రాస్తే అది సర్వే కాదు, మనుధర్మమే.

ఇంకో మాట. ఈ గీత ఎక్కడుందో తరతరాలుగా ఎరిగినోడు నీరటి. తూము లేపిందీ, కట్ట కాపాడిందీ, ఏ ఏడు నీళ్లు ఏ రాయి దాకా వచ్చినయో కంటితో చూసిందీ ఆయనే. ఆ పని చేసింది ఎక్కువగా మన మాల మాదిగలే. ఉపగ్రహం పటాన్ని నమ్మే సార్లు ఆ ముసలోణ్ణి ఒక్క పూట కట్ట మీదికి పిలిస్తే వాళ్ల చదువుకేం తక్కువైతది?

హద్దురాళ్లు పాతినంక లొల్లి పెడితే వినే నాథుడుండడు. మీ చెరువు ఎఫ్‌టీఎల్ పటం, శిఖం సర్వే నంబర్లు, అందులో అసైన్డ్ పట్టాలున్న వాళ్ల జాబితా ఇప్పుడే సమాచార హక్కు కింద అడగండి. ఊరి స్థాయి ఆఫీసుల్లో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె. పటం చేతికొచ్చినంక వాడలో నలుగురిని కూర్చోబెట్టి, నీరటి పని చేసిన పెద్దమనుషులతో దాన్ని సరిచూడండి. తేడా ఉంటే గ్రామసభలో రాతపూర్వకంగా పెట్టి, నకలు మాకు పంపండి. వచ్చే సంచికల్లో ఊరి పేరుతో సహా అచ్చు వేస్తం.