కాగితపు లెక్క, వీథి లెక్క

లీటరు పెట్రోలుకు 40 కిలోమీటర్లకు మించి నడచునని వ్రాసియున్న కాగితమొకటి నా బల్లమీద నున్నది. అదే బండి అశోక్‌నగరు నుండి నాంపల్లి కోర్టులకు పోయి వచ్చుటలో లీటరుకు 9 కిలోమీటర్లయినను నడువలేదని నా చేతివ్రాత పుస్తకమున నున్నది. ఈ రెండింటిలో అబద్ధమేది యని యడిగినచో, రెండును నిజమే యని చెప్పవలసివచ్చుచున్నది. ఇరువదేండ్లు వకీలు వృత్తిలో గడపిన నాకు ఇట్టి సాక్షి అరుదుగా తటస్థపడినాడు.

నేనీ బండిని క్రొత్తగా కొన్నవాడను గాను. కొన్నేండ్లు వాడి విసిగిన యొక వైద్యునివద్ద, క్రొత్తదాని వెలలో మూడవవంతునకు గొంటిని. ప్లీడరుకు, అందులోను సేవకుడనని చెప్పుకొని తిరుగువానికి, ఇంత పెద్ద బండి యేల యని చిక్కడపల్లి గ్రంథాలయపు మిత్రులు పరిహసించిరి. ఆ పరిహాసమునకు నావద్ద సరియైన సమాధానము లేదు. ఆశ యనియే యొప్పుకొనవలెను. పెట్రోలు ఖర్చు తగ్గును, వీథిలో పొగ తగ్గును, మన దేశము పరదేశపు నూనెకు ధారపోయు ధనమున నా వంతైనను తగ్గునని తలంచితిని. మనము వాడు ముడినూనెలో నూటికి 85 పాళ్లకు మించి వెలుపలినుండియే కొనుచున్నాము గదా.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అని వీనికి పేరు. సంకరవాహన మనవచ్చును. పెట్రోలు ఇంజనును, విద్యుత్ మోటారును, ఈ మోటారునకు వలసిన బ్యాటరీని ఒక్క బండియే మోయును. రాత్రి గోడ ప్లగ్గునకు తీగ తగిలించినచో బ్యాటరీ నిండును. మరునాడు కొంత దూరము పెట్రోలు లేకయే నడచును. బ్యాటరీ యడుగంటిన పిమ్మట ఇంజను పని కెక్కును. చీనాదేశపు బివైడి కంపెనీవారు 2008 డిసెంబరులోను, అమెరికాలో షెవ్రొలే వారు 2010 డిసెంబరులోను ఇట్టి బండ్లను అమ్మకమునకు దెచ్చిరి. మన దేశమున విక్రయింపబడినవి మిక్కిలిగా ధనికుల బండ్లే. 2022 నుండి మన వీథులలో విరివిగా దిరుగుచున్న ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా హైబ్రిడ్లు వేరు. వానికి ప్లగ్గు లేదు. తమ విద్యుత్తును పెట్రోలునుండియు, బ్రేకు వేసినప్పుడు వృథాగా బోవు వేగమునుండియు అవియే చేసికొనును. ఈ భేదము తెలియక రెండింటిని ఒకే గాటను గట్టువారు పెక్కుమంది.

కాగితము చెప్పిన మాటను పరీక్షింపక నమ్ముట నా వృత్తికి విరుద్ధము. కావున ఈ వేసవిలో మూడు పక్షములపాటు బండికి అడ్డసవాళ్లు వేసితిని. పద్ధతి మోటుదే. ప్రతిమారు ఒకే బంకులో, ఒకే పంపువద్ద, ఉదయము ఎండ యెక్కకమునుపు, గొట్టము మొదటిసారి టక్కున ఆగువరకే పెట్రోలు పోయించితిని. గోడ ప్లగ్గునకును బండి తీగకును నడుమ చిన్న మీటరొకటి యుంచితిని. ఈ మీటరే లేకున్నచో నేనును మోసపోయియుందును. ఏలయన, ఖాళీయైన బ్యాటరీని నింపుటకు 8 యూనిట్లు పట్టినవని బండిలోని తెర చెప్పును; గోడ మీటరు 9½ అనును. నడుమ యూనిట్టున్నర వేడిగా మారి గాలిలో గలిసిపోయినది. విద్యుత్ సంస్థవారు సొమ్ము వసూలు చేయునది గోడ లెక్కను బట్టియే గాని తెర లెక్కను బట్టి గాదు. అట్లే, నిండు బ్యాటరీతో 40 కి.మీ. పోదునని తెర చెప్పినను, మే నెల యెండలో చల్లని గాలి యంత్రము వేసికొని, ఆర్.టి.సి. క్రాస్ రోడ్లవద్ద నిలిచి నిలిచి పోవునప్పుడు 27 కి.మీ.కే అలసినది.

మొదటి పక్షమున ప్రతిరాత్రియు బ్యాటరీ నింపితిని. 15 దినములలో ఊరిలోనే 240 కి.మీ. తిరిగితిని. పెట్రోలు పట్టినది 2 లీటర్లు. విద్యుత్తు 78 యూనిట్లు. రెండవ పక్షమున తీగను పెట్టెలోనుండి తీయనే లేదు. అదే దారి, అవే 240 కి.మీ.; పెట్రోలు 27 లీటర్లు. మా యింటి వేసవి బిల్లున పైమెట్టు యూనిట్టు రూ. 9.50, పెట్రోలు లీటరు రూ. 107 చిల్లర. మొదటి పక్షమున కిలోమీటరునకు సుమారు 4 రూపాయలును, రెండవ పక్షమున 12 రూపాయలును ఖర్చైనవి. ఆ రెండు పక్షములందును బండి యొకటే, నడపినవాడొకడే. మారినది గోడమీది ప్లగ్గు మాత్రమే.

ఇప్పుడు అంకెల మాయను గమనింపుడు. మొదటి పక్షమున 240 కి.మీ.లను 2 లీటర్లతో భాగించినచో లీటరుకు 120 కి.మీ.! నా బండికి 120 వచ్చుచున్నదని నేను నారాయణగూడ చౌరస్తాలో నిలిచి చాటినచో అందులో ఒక్క యక్షరమైనను అబద్ధము గాదు. అయినను అది శుద్ధ మోసము. 78 యూనిట్లను దాచిపెట్టిన మోసము. ఇంకొక చమత్కారము. ఒక పక్షము 120, మరియొక పక్షము 9. రెండును గలిపి సరాసరి యెంత యని మిత్రులనడిగితిని. పలువురు 64½ అనిరి. గ్రంథాలయమున గ్రూపు పరీక్షలకు చదువుకొను యువకుడొకడు మాత్రము తల యెత్తకయే, "పదహారున్నర సార్" అనెను. 480 కి.మీ.లకు 29 లీటర్లు. అతని లెక్కయే సరియైనది. ఈ యువకుని ఉద్యోగ ప్రకటన యెప్పుడు వెలువడునో యెరుగను గాని, మోటారు కంపెనీల ప్రకటనలను దిద్దు పని అతని కప్పగించినచో దేశమునకు మేలగును.

కాగితముమీది 40 ఎట్లు వచ్చిన దనగా, ప్రయోగశాలలో బండిని ఉరుళ్లమీద నిలిపి, నిర్ణీతమైన వేగములతో నడపి కొలుతురు. మన దేశపు పద్ధతిలో ఈ నడక సుమారు 20 నిముషములు, 11 కి.మీ.ల లోపు. పెట్రోలు బండికి ఇది కొంతవరకు న్యాయమే. సంకరవాహనమునకు మాత్రము నిండు బ్యాటరీతో నొకమారు, ఖాళీ బ్యాటరీతో నొకమారు కొలిచి, యజమాని యింత దూరమునకొకమారు బ్యాటరీ నింపుకొనునని యూహించి, రెండింటిని గలిపి యొక్క యంకె చేయుదురు. అనగా ఆ యంకెలో సగము యంత్రశాస్త్రము, సగము మన శీలమును గూర్చిన యూహ. ఐరోపా సంఘమువారు బండ్లలోనే అమర్చిన కొలమానములనుండి వివరములు దెప్పించి 2024 మార్చిలో ప్రకటించిన నివేదికను బట్టి, అక్కడి సంకరవాహనములు వీథిలో విడిచిన బొగ్గుపులుసు వాయువు ప్రయోగశాల లెక్కకు మూడున్నర రెట్లు. ప్లగ్గులకు కొదువలేని దేశములలోనే యిట్లున్నది. ఆ యూహను వారు 2025 నుండి సవరించుకొనిరి.

పొగ తగ్గునన్న నా యాశ యేమైనదో చెప్పక తప్పదు. లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. మన దేశమున యూనిట్టు విద్యుత్తునకు, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇటీవలి లెక్కలను బట్టి, సగటున 0.7 కిలోకు పైచిలుకు. గుణించి చూచితిని. తీగ పెట్టిన పక్షమునకు 61 కిలోలు. పెట్టని పక్షమునకు 62. ఒక్క కిలో భేదము! పెట్రోలును శుద్ధిచేసి తెచ్చుటలోని పొగను, బొగ్గును త్రవ్వి తెచ్చుటలోని పొగను నేను లెక్కింపలేదు. ఎండనుండి తీయు విద్యుత్తు హెచ్చినకొలది మొదటి యంకె తగ్గుననుటయు నిజము. కాని రెండు టన్నులకు పైబడిన బండిని ఒక్క మనిషిని మోయుటకై నడుపునంతవరకు ఏ యింధనము పోసినను ఆకాశమున కొకటే. చిక్కడపల్లి సందులో వెలువడని పొగ రామగుండపు గొట్టమున వెలువడును. అట్లని మొదటి పక్షము వ్యర్థము గాదు. రోడ్డు ప్రక్కన మిరపకాయ బజ్జీలు వేయునామె, గ్రంథాలయపు మెట్లమీద చదువుకొను పిల్లలు పీల్చు గాలిలో నా బండి పొగ ఆ పదునైదు దినములు దాదాపు లేదు. కాని "పొగలేని బండి" యని దానిని బిలుచుట రామగుండము వారిని మనుష్యులలో జమకట్టకుండుటయే. (ఇక, కోర్టుకు పోవుటకు చిక్కడపల్లిలో మెట్రో యెక్కి, మహాత్మాగాంధి బస్ స్టేషన్‌లో మారి, నాంపల్లిలో దిగవచ్చును. 2020 ఫిబ్రవరి 7వ తేదీన ఈ మార్గము తెరచినప్పటినుండియు ఆ సౌకర్యమున్నది. కాగితముల కట్టలు లేని దినములలో నేనును అట్లే పోవుచున్నాను.)

మూడవ పక్షము నా పరీక్షలో లేని పరీక్ష. మా యింటి మీటర్లన్నియు నేల యంతస్తున నున్నవి. నా మీటరునుండియే బండి నిలుపు తావునకు తీగ లాగించి ప్లగ్గు పెట్టించితిని. సంఘము ననుమతి యడుగలేదు. అది నా తప్పే. ఎవరో చూచిరి, సమావేశము జరిగెను. "వకీలుగారూ, రేపు మంటలంటుకుంటే మీరు వాదిస్తారా, మేము కాలిపోతామా?" అని యొక పెద్దమనిషి యడిగెను. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. రెండు మూడు గంటలు గడచుసరికి ఆ ప్లగ్గు చేయి పెట్టలేనంత వేడెక్కుట నేనే కనుగొంటిని. కాని దానికి చికిత్స మంచి తీగ, వేరు బ్రేకరు, సరియైన ఎర్తు, నిషేధము గాదు. సంఘమువారు తీగ తీయించిరి. ఆ పక్షమున నారాయణగూడలో స్వంత యిల్లు గల మిత్రుని వాకిట ఆరు రాత్రులు బండి నుంచి, వెల నిచ్చి నింపుకొంటిని. నడుమ కేసు నిమిత్తము వరంగల్లు పోయి వచ్చితిని. మొత్తము 540 కి.మీ.లు, 35 లీటర్లు, 57 యూనిట్లు, కిలోమీటరునకు 8 రూపాయలు. సామాన్యుని జీవితమున ఈ బండి వాస్తవముగా నిచ్చు ఫలమిదియే.

కనుక నా యభియోగము బండిమీద గాదు. అశోక్‌నగరున, చిక్కడపల్లిలో నూటికి తొంబదిమంది బండ్లు నేలమాళిగలలోనో, వీథి యంచుననో నిలుచును. అక్కడ ప్లగ్గు లేదు. ప్లగ్గు లేనివానికి ప్లగ్గు బండి నమ్ముట, బావి లేనివానికి కప్పి నమ్ముటయే. అతడు కొన్నది రెండు యంత్రములు మోయు బరువైన పెట్రోలు బండి మాత్రమే. చట్టము ఇంటిలో నింపుకొనుట కడ్డు రాదు. విద్యుత్తు నింపుట విద్యుత్ విక్రయము గాదనియు, లైసెన్సు వలదనియు కేంద్రము 2018లోనే తేల్చెను. ఇంటనున్న కనెక్షనుతోనే నింపుకొనవచ్చునని 2024 సెప్టెంబరు మార్గదర్శకములు చెప్పుచున్నవి. క్రొత్త భవనములలో నూటికి 20 బండ్లకు ఏర్పాటుండవలెనని 2019లో నమూనా నిబంధనలను సవరించిరి. కాని మా పేటలలోని యిండ్లు అంతకు మునుపటివి. వానికి దిక్కు సంఘపు తీర్మానమే.

ఇక పన్ను. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద సంకరవాహనములకు వస్తుసేవల పన్ను నూటికి 40; విద్యుత్ బండ్లకు 5. సంకరవాహనములకును తగ్గింపు కావలెనని అమ్మువారి మొర. తగ్గించినను తగ్గింపకున్నను, ముందుగా అమ్మకపు కాగితముమీద ఒక్క యంకెకు బదులు రెండంకెలు వ్రాయించుట ప్రభుత్వమువారి విధి: తీగ పెట్టినచో 100 కి.మీ.లకు గోడనుండి ఎన్ని యూనిట్లు, తీగ పెట్టకున్నచో లీటరుకు ఎన్ని కి.మీ.లు. ఆ రెండును జూచి కొనువాడు తన గోడను జూచుకొనును. స్వదేశీ మాట యెత్తువారికి నొక్క మనవి. పరదేశపు నూనెను తప్పించుకొని మనము వాడు బ్యాటరీ గడులలో అధికభాగము చీనానుండి వచ్చుచున్నవే. దాస్యము గొట్టమునుండి తీగకు మారినంత మాత్రమున తీరదు.

గత ఆదివారము మా సంఘము మరల సమావేశమయ్యెను. రెండు గంటలు వాదములు సాగెను. కోర్టులో నేను విననన్ని వింటిని. తుదకు ఎవరి మీటరునుండి వారే, లైసెన్సు గల పనివానిచేత, వేరు బ్రేకరుతో తీగ లాగించుకొనవచ్చునని పదునొకండుగురిలో ఏడుగురు తీర్మానించిరి. మొదటి యర్జీ నాది గాదు. నాలుగవ యంతస్తున నుండు ఉపాధ్యాయిని యొకతె విద్యుత్ స్కూటరు కొని, యిన్నాళ్లు బ్యాటరీని చేతమోసి పైకి గొనిపోవుచున్నది. ఆమె బండి యూనిట్టునకు 30 కి.మీ.ల దరిదాపు నడచును. నా బండికి ఆ దూరమునకు 10 యూనిట్లు చాలవు. పనివాడు బుధవారము వచ్చును. వరుసలో నాది రెండవది.