మార్పు చేప పిల్లకూ ఒక చాకీ దశ ఉంది

మన గ్రూపుల్లో ఈ మధ్య ఒక ఆలోచన బాగా తిరుగుతా ఉంది. రీలింగ్ అయ్యాక మిగిలే ప్యూపా ఊరికే పోతాది కదా, కృషి హొండలో మార్పు చేపలు (మాగుర్) వదిలి దాన్నే మేతగా వేస్తే రెండో ఆదాయం అవుతాది అని. నేను దానికి అడ్డం చెప్పను. ఎండిన ప్యూపాలో సగానికి పైగా మాంసకృత్తులే. కానీ "గుడ్డు పగిలిన పిల్ల చవగ్గా దొరుకుతాది, తెచ్చి మొదటి రోజు నుంచే ప్యూపా పొడి వెయ్యండి" అనే సలహా మాత్రం వినొద్దండి. అది విని డబ్బు పెడితే పిల్లల్లో ఎక్కువ భాగం చచ్చిపోతాయి. ఎందుకో తెలియాలంటే ఆ పిల్ల పొట్టలోకి చూడాలి.

పట్టుపురుగు గుడ్డులోంచి వచ్చిన రోజే ఆకు తింటుంది. నోరు, పేగు అన్నీ సిద్ధంగా ఉంటాయి. అయినా మనం ఏం వేస్తాం? కొన దగ్గరి మెరిసే లేతాకు, అదీ సన్నగా తరిగి. రెండో జ్వరం దాటేదాకా ముదురాకు జోలికి పోం. మార్పు చేప పిల్ల అంతకన్నా వెనకబడి పుడుతుంది. పుట్టిన రోజు దానికి నోరే తెరుచుకోదు. పేగు తిన్నటి సన్న గొట్టంలాగా ఉంటుంది. పొట్ట కింద ఉండే పచ్చసొన సంచే దాని బువ్వ, వెచ్చటి నీళ్లలో అది సుమారు మూడు రోజులు వస్తుంది. ఆ లోపలే నోరు తెరుచుకుంటుంది, కాలేయం, క్లోమం పనిలోకి వస్తాయి. సొన పూర్తిగా అయిపోకముందే పిల్ల తిండి వెతుక్కోవడం మొదలుపెడుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. నోరు తెరిచినంత మాత్రాన కడుపు తయారైనట్టు కాదు. పెద్ద చేప కడుపులో ఆమ్లం ఊరుతుంది, ఆ ఆమ్లంలో పెప్సిన్ అనే ఎంజైము గట్టి మాంసకృత్తుల్ని విరగ్గొడుతుంది. పిల్లకు మొదట్లో ఆ గ్రంథులే ఉండవు. క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ లాంటి ఎంజైములే దిక్కు, అవి పనిచేసేది క్షార గుణం ఉన్న పేగులో. (మన పట్టుపురుగు పేగు కూడా క్షారమే, పీహెచ్ 10 దాకా పోతుంది. కానీ దానికి జీవితాంతం అదే ఏర్పాటు, మల్బరీ ఆకుకు అది చాలు.) దీని దగ్గరి జాతి ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మీద చేసిన పరిశోధనల్లో తిండి మొదలైన నాలుగైదు రోజులకు గానీ కడుపు పనిలోకి రాలేదు. అదీ నీళ్లు 27–28 డిగ్రీల వెచ్చదనంలో, సరైన మేత పడితే. నీళ్లు చల్లబడితే ఇంకా ఆలస్యం. కోలారు, హోసూరు వైపు చలికాలం నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

అందుకే హేచరీల్లో ఆ రోజుల్లో ఆర్టీమియా పిల్లల్ని, మొయినా లాంటి చిన్న నీటిపురుగుల్ని మేపుతారు. అవి మెత్తన, కదులుతుంటాయి, తేలిగ్గా అరుగుతాయి. ప్యూపా పొడి అట్లా కాదు. అందులో కైటిన్ ఉన్న పైతోలు ఉంది, నాలుగో వంతుకు అటూ ఇటూ కొవ్వు ఉంది. పిల్ల మింగినా సరిగ్గా అరగదు, మింగనిది తొట్టి అడుగున కుళ్లుతుంది. "మార్పు చేప గాలి పీల్చి బతుకుతాది, నీళ్లు పాడైతే ఏమి?" అంటారు కొందరు. పెద్ద చేపకు ఆ మాట నిజం. పిల్లలో గాలి పీల్చే అవయవం తర్వాత ఏర్పడేది, అంతదాకా నీళ్లలో ఉన్న ఆక్సిజనే ఆధారం.

నా మాట ఏమంటే, చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగుల్ని డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నాం కదా, ఇక్కడా అదే లెక్క పెట్టుకోండి. వేలెడంత పిల్లల్ని కొనండి. ధర ఎక్కువే, కానీ ఆ నాజూకు రోజులు హేచరీవాడు మోసేసి ఉంటాడు. ప్యూపా అప్పుడు పనికొస్తాది. నూనె తీసి, బాగా ఎండబెట్టి, తవుడూ చెక్కా కలిపి వెయ్యాలి. పచ్చి ప్యూపా ఎంత త్వరగా కంపు కొడతాదో శిడ్లఘట్టలో రీలర్ల వాకిట్లో ఒక పూట నిలబడితే తెలుస్తాది. ఆ కొవ్వు చెడిపోయిన మేత పెద్ద చేపకు కూడా మంచిది కాదు.

ఇంకో రెండు మాటలు. చవగ్గా, తొందరగా పెరుగుతాదని ఆఫ్రికన్ జాతి పిల్లల్ని, "థాయ్ మాగుర్" పేరుతో అమ్మేవాటిని, తేవద్దండి. కేంద్ర ప్రభుత్వం 2000లోనే దాని పెంపకాన్ని నిషేధించింది, తప్పించుకుని చెరువులో పడితే నాటు చేపల్ని తినేస్తాది. రెండోది, షెడ్డు కడిగిన బ్లీచింగ్ నీళ్లు హొండలోకి పోకుండా ముందే కాలవ తిప్పుకోండి. క్లోరిన్ కొంచెం తగిలినా చేప పిల్లలు చస్తాయి.