స్టెంటు వేసిన ఆస్పత్రే తీసే తేదీకి పూచీ పడాలి



కిడ్నీలో రాయి అంటే ఒకప్పుడు నడుము పక్కన పెద్ద కోత, ఆ తర్వాత వారాల తరబడి మంచం. 1976లో స్వీడన్ వైద్యులు వీపు మీద చిన్న రంధ్రం చేసి అందులోంచే రాయి తీశారు. 1980లో మ్యూనిక్‌లో ఆ రంధ్రం కూడా లేకుండా బయటి నుంచి తరంగాలు పంపి రాయిని పిండి చేశారు. ఇవాళ మూత్రమార్గం గుండా సన్నటి స్కోపు పంపి లేజరుతో రాయిని పొడి చేస్తున్నారు. హైదరాబాద్ నిమ్స్‌లో రోబో కూడా పనిచేస్తోంది. ఇదంతా పేదవాడికి మేలు చేసే మార్పే. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషి నెలలకు బదులు రోజుల్లో పనిలోకి వెళ్తున్నాడు. ఇలాంటి ఆపరేషన్లు ఇంకా పెరగాలి, జిల్లా ఆస్పత్రులకూ రావాలి. మా ఆవేదనంతా ఆ ఆపరేషన్ చివర లోపల వదిలే ఒక పైపు గురించి.

దాని పేరు డీజే స్టెంటు. జానెడు కంటే కాస్త ఎక్కువ పొడవు, రెండు మిల్లీమీటర్ల లావు ఉండే మెత్తటి గొట్టం. జారిపోకుండా రెండు కొసలూ వంకీ తిరిగి ఉంటాయి. ఒక వంకీ కిడ్నీలో, రెండోది మూత్రాశయంలో కూర్చుంటుంది. రాయి తీశాక మూత్రనాళం వాచి మూసుకుపోతే మూత్రం వెనక్కి తన్నుతుంది. అలా కాకుండా ఈ పైపు దారి తెరిచి ఉంచుతుంది. రోబోతో కిడ్నీ దగ్గరి ఇరుకును సరిచేసినా, కిడ్నీ మార్పిడి చేసినా చాలాసార్లు ఇదే పైపు వేస్తారు. రాళ్ల ఆపరేషన్ అయితే మామూలుగా రెండు నుంచి ఆరు వారాల్లో దాన్ని తీసేయాలి.

తీయడం పెద్ద పనేం కాదు. మూత్రమార్గంలో మత్తు జెల్లీ వేస్తారు, స్కోపు లోపలికి పోనిస్తారు, మూత్రాశయంలో కనిపించే వంకీని చిన్న పట్టకారుతో పట్టి లాగుతారు. చాలామందికి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, అదే రోజు ఇంటికి పోవచ్చు.

తీయకపోతే మాత్రం కథ మారిపోతుంది. మూత్రంలోని లవణాలు పైపు చుట్టూ గార కడతాయి. ఆరు వారాల లోపు తీసిన స్టెంట్లలో 9.2 శాతానికే గార పట్టిందనీ, పన్నెండు వారాలు దాటినవాటిలో అది 76.3 శాతమనీ 1991లో ఒక వైద్య పరిశోధన తేల్చింది. ఏళ్లు గడిస్తే పైపు పెళుసై లోపలే విరుగుతుంది, కొసల చుట్టూ కొత్త రాళ్లు పెరుగుతాయి. ఎక్స్‌రేలో సన్నటి తెల్లగీతలా కనిపించాల్సిన పైపుకు రెండు చివర్లా గడ్డలు వేలాడుతూ కనిపిస్తాయి. అప్పుడు నిమిషాల పని కాస్తా రెండు మూడు ఆపరేషన్లవుతుంది. కొందరికి ఆ కిడ్నీయే పనికిరాకుండా పోతుంది. రాయి నుంచి కాపాడిన కిడ్నీని పైపు మింగేయడం కంటే అన్యాయం ఏముంది?

మరి జనం ఎందుకు తీయించుకోరు? "మేం చెప్పాం, వాళ్లు రాలేదు" అనే మాట ఆస్పత్రుల్లో వింటూ ఉంటాం. ఎప్పుడు చెప్పారు? డిశ్చార్జి రోజు, బిల్లు కౌంటరుకూ మందుల షాపుకూ మధ్య పరుగులో. ఎలా చెప్పారు? ఇంగ్లీషు డిశ్చార్జి కాగితంలో పదో పదిహేనో లైన్ల కింద "డీజే స్టెంటింగ్ డన్, రివ్యూ ఆఫ్టర్ త్రీ వీక్స్" అని. రివ్యూ అంటే పైపు తీయడమని ఆ కాగితంలో ఉండదు. స్టెంటు అనగానే మనవాళ్లకు గుండెలో వేసేది గుర్తొస్తుంది. అది జీవితాంతం ఉండేది కాబట్టి ఇదీ అంతేననుకుంటారు. మూడు వారాలకు నొప్పి తగ్గిపోతుంది. మాటిమాటికీ మూత్రం రావడం, నడుం పట్టడం, అప్పుడప్పుడు ఎర్రగా రావడం ఆపరేషన్ తాలూకు బాధలేనని సరిపెట్టుకుంటారు. పాలమూరు మేస్త్రీ మళ్లీ బెంగళూరు సైటు మీదికి వెళ్లిపోతాడు. జగిత్యాల కుర్రాడు సెలవు అయిపోయిందని దుబాయ్ విమానం ఎక్కేస్తాడు. ఆస్పత్రి దగ్గరున్న ఫోన్ నంబరు ఆ రోజు తోడొచ్చిన బావమరిదిది.

బండి వాయిదా ఒక్క రోజు దాటితే ఫైనాన్స్ కంపెనీ నాలుగుసార్లు ఫోన్ చేస్తుంది. మనిషి ఒంట్లో పైపు గడువు దాటితే ఒక్క ఫోనైనా రావాలి కదా! పైపు వేసింది ఎవరో, ఏ తేదీన తీయాలో తెలిసింది ఎవరికో, ఆ తేదీని గుర్తు చేసే బాధ్యత కూడా వాళ్లదే. రోగికి బాధ్యత లేదని మేం అనడం లేదు. తన ఒంట్లో ఏముందో తెలియని మనిషి మీద ఆ బరువంతా మోపొద్దంటున్నాం.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ అడుగుతున్నాం. ప్రభుత్వ ఆస్పత్రి కానీ ప్రైవేటు ఆస్పత్రి కానీ, డీజే స్టెంటు వేసే ప్రతి చోటా ఒక రిజిస్టరు తప్పనిసరి చేయండి. ఏ వైపు వేశారు, ఎప్పుడు వేశారు, ఎప్పటిలోగా తీయాలి, రోగిది ఒకటి, ఇంట్లోవాళ్లది ఒకటి రెండు ఫోన్ నంబర్లు అందులో ఉండాలి. రోగి చేతికి తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో, పెద్ద అక్షరాల కార్డు ఇవ్వాలి: "మీ ఒంట్లో పైపు ఉంది, ఫలానా తేదీలోగా తీయించుకోవాలి" అని. వారం ముందు ఫోన్, తేదీ దాటితే మళ్లీ ఫోన్. అయినా రాకపోతే ఆ పేరు ఊళ్లో ఏఎన్ఎం లిస్టులోకి వెళ్లాలి. పసిపిల్లల టీకాలు ఎవరికి బాకీ ఉన్నాయో ఏఎన్ఎం దగ్గర ఇప్పటికే లిస్టు ఉంటుంది, ఆశా కార్యకర్త ఇంటికెళ్లి పిలుచుకొస్తుంది. దారి ఉంది, అందులో ఇంకో పేరు చేర్చాలి, అంతే.

డబ్బు సంగతి కూడా తేల్చాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్లే లక్షలాది మంది పేదలు కార్పొరేట్ ఆస్పత్రి గడప తొక్కగలిగారు. తెలంగాణ ఆరోగ్యశ్రీలోనైనా, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ వైద్య సేవలోనైనా స్టెంటు వేసిన కేసు, స్టెంటు తీసినట్టు నమోదయ్యాకే ముగిసినట్టు లెక్కించాలి. చెల్లింపులో కొంత భాగం అప్పటిదాకా ఆపి ఉంచాలి. ఎక్కడ వేయించుకున్నా, దగ్గరలోని జిల్లా ఆస్పత్రిలో ఉచితంగా తీసే ఏర్పాటు ఉండాలి. దానికి రోబో అక్కర్లేదు, మూత్రాశయంలోకి పంపే స్కోపు (సిస్టోస్కోపు) ఒకటి, దాన్ని వాడటం తెలిసిన డాక్టరు చాలు. గడువు దాటిన స్టెంట్లు ఎన్ని ఉన్నాయో ప్రతి నెలా జిల్లావారీగా ప్రకటించాలి.

ఈలోగా మీ ఇంట్లో ఎవరికైనా రాళ్ల ఆపరేషన్ అయి ఉంటే, ఈ రోజే పాత ఫైలు తీయండి. స్టెంటు, డీజే అనే మాటలు కనిపిస్తే, తీసినట్టు కాగితం ఉందో లేదో చూడండి. లేకపోతే నొప్పి ఉన్నా లేకున్నా యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. పొట్ట ఎక్స్‌రే ఒక్కటి తీస్తే పైపు ఉందో లేదో తెలుస్తుంది. క్యాన్సర్ లాంటి జబ్బుల వల్ల పైపు ఎక్కువ కాలం ఉండాల్సినవాళ్లకు కొన్ని నెలలకోసారి మార్చాలి, వాళ్లు కూడా తమ తేదీ అడిగి రాసుకోవాలి.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌కు రండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే జరుగుతాయి. ఈ కరపత్రం వెనుక మీ పేరు, ఊరు రాసి సంతకం పెట్టి అర్జీగా ఇవ్వండి. రశీదు తీసుకోవడం మరవకండి, నెల తర్వాత ఆ నంబరుతోనే మళ్లీ వెళ్లి అడుగుదాం.