జీపులో వైర్‌లెస్ పెట్టించేముందు

తుఫాను హెచ్చరిక వినగానే ఈ రోజుల్లో తీరగ్రామాల వారు మొదట చూసుకునేది సెల్‌ఫోనులో ఛార్జింగు ఉన్నదా లేదా అని. ఫోనులో ఛార్జింగు ఉండవచ్చు. కాని ఊరి టవరుకు కరెంటు పోయి, జనరేటరులో డీజిలు కూడా అయిపోతే ఆ ఫోను టార్చిలైటుగా తప్ప మరెందుకూ పనికిరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు విశాఖపట్నం వంటి మహానగరంలోనే ఫోన్లు మూగబోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గ్రామాలదీ అదే అవస్థ. ఇక మన దివిసీమ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. రోడ్లు, తంతి తీగలు తెగిపోయి, ఏ ఊరికి ఏమయిందో బయటివారికి తెలియడానికే ఎంతో ఆలస్యం జరిగింది.

అందుచేత జీపో, కారో, ట్రాక్టరో ఉన్నవారికి మన బండిలోనే ఒక వైర్‌లెస్ సెట్టు పెట్టించుకుంటే పోలా అన్న ఆలోచన రావడం సహజం. చేపల చెరువుల మీద కాపలా ఉండేవారికి, కోత మిషన్లు తిప్పేవారికి కూడా అది పనికివస్తుంది. ఆలోచన మంచిదే. చిక్కంతా దానిని అమలు జరిపే తీరులో ఉన్నది. ఫోనులో బొమ్మ చూసి, డబ్బు కట్టి, పార్సిలు రాగానే మీట నొక్కి మాట్లాడేయడం క్షేమం కాదు. అది చట్టానికి విరుద్ధం కావచ్చు. అంతకంటె ముఖ్యంగా, మరెవరి ప్రాణం మీదకో తేవచ్చు.

ముందుగా ఈ పరికరాల సంగతి కొంచెం తెలుసుకోవాలి. చేత పట్టుకునేది వాకీటాకీ. బండిలో బిగించి, బ్యాటరీ కరెంటుతో నడిపి, పైన ఏరియలు పెట్టేది మొబైల్ సెట్టు. ఈ రెండింటిలోనూ వినవచ్చు, మాట్లాడవచ్చు. స్కానరు అన్నది ఆసుపత్రి స్కానింగు కాదు. ఒక ఛానెల్ తరువాత మరొక ఛానెల్ తానే వెతుక్కుంటూ, ఎక్కడ మాట వినబడితే అక్కడ ఆగే పెట్టె అది. అందులో వినడమే తప్ప మాట్లాడడం ఉండదు.

"వినడమే గదా, దానికేం తప్పు?" అని కొందరు అడగవచ్చు. ఒకప్పుడు ఇంట్లో పాటలు వినే రేడియోకు కూడా ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టిన రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. 1980లలో ఆ పద్ధతి ఎత్తివేశారు. ఆకాశవాణి వినడానికి నేడు ఎవరి అనుమతీ అక్కరలేదు. కాని పోలీసులు, అగ్నిమాపక దళం, ఓడరేవు వారు తమలో తాము మాట్లాడుకునేది మనకోసం చేసే ప్రసారం కాదు. మనకు ఉద్దేశించని సందేశం వినడానికీ, విన్నది ఊరంతా చాటడానికీ చట్టం ఒప్పుకోదు. తుఫాను కబురు తెలియాలంటే బ్యాటరీతో నడిచే మామూలు రేడియో ఒకటి ఇంట్లో ఉంటే చాలు.

మాట్లాడే సెట్ల విషయంలో నియమం ఇంకా గట్టిది. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమని 1933 నాటి చట్టం చెప్పింది. మాట్లాడే సెట్టు ఉంటే మూడేళ్ళ దాకా జైలు శిక్షకు అందులో వీలుండేది. ఆ పాత చట్టాల స్థానంలో పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. అనుమతి ఉండాలన్న మూలసూత్రం అందులోనూ పోలేదు. అనుమతి సంగతి చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్న ఆన్‌లైన్ దుకాణాలకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025 మే నెలలో నోటీసులు ఇచ్చింది. అదే నెలాఖరుకు మార్గదర్శకాలు కూడా ప్రకటించింది. అమ్మేవాడు చెప్పలేదు కనుక నాకు తెలియదంటే కొన్నవాడి బాధ్యత తీరిపోదు.

ఇదంతా సర్కారు పెత్తనమని తీసిపారేయడం తగదు. వైర్‌లెస్‌లో ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే గరగర శబ్దమే గాని, ఎవరి మాటా సరిగా అందదు. బజారులో చవకగా దొరికే సెట్లలో చాలావాటికి 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడ కావాలంటే అక్కడ మాట్లాడే వీలుంటుంది. సముద్రంలో ఆపదలో ఉన్న నావ సాయం కోసం పిలిచే 16వ ఛానెల్ కూడా ఆ మధ్యనే, 156.8 మెగాహెర్ట్జ్ దగ్గర ఉన్నది. చెరువు గట్టు మీద కూర్చుని ఊసుపోక మాట్లాడే కుర్రవాడి కబుర్ల కింద, మునిగిపోతున్న పడవ కేక అణగిపోవచ్చు. తానేమి చేశాడో ఆ కుర్రవాడికి ఏనాటికీ తెలియకపోవచ్చు కూడా. వేటకు వెళ్ళిన మగవాళ్ళ కోసం ఒడ్డున కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన కుటుంబాలున్న జిల్లా ఇది. ఈ మాట మనకు మరొకరు చెప్పనక్కరలేదు.

మరి సామాన్యుడికి దారి లేదా? రెండు దారులున్నాయి.

మొదటిది సులువైనది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య మాత్రమే పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీలకు 2018 నిబంధనల ప్రకారం విడిగా లైసెన్సు అక్కరలేదు. అయితే ఆ సెట్టు మోడలుకు ప్రభుత్వ ఆమోదం ఉండి తీరాలి. కొనేముందు ఆమోదపత్రం చూపమని దుకాణదారును అడగాలి. అతడు నీళ్ళు నమిలితే ఆ సరుకు కొనకపోవడం మంచిది. పొలం పనికి, చెరువుల కాపలాకు, పెళ్ళివారి బండ్లు ఒకదాని వెంట ఒకటి వెళ్ళడానికి ఇది సరిపోతుంది. చెట్లు, ఇళ్ళు అడ్డున్నచోట కిలోమీటరు, రెండు కిలోమీటర్లకు మించి ఆశ పెట్టుకోరాదు. పెట్టె మీద అచ్చు వేసిన దూరాలు నమ్మదగినవి కావు.

రెండవది కష్టపడి సంపాదించుకునేది. అదే అమెచ్యూర్ రేడియో, వాడుకలో హామ్ రేడియో. 12 ఏళ్ళు నిండిన వారెవరైనా కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం పెట్టే పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. విద్యుత్తు, రేడియోలకు సంబంధించిన ప్రాథమిక విషయాలు, నిబంధనలు చదువుకోవాలి. రెండు తరగతులున్నాయి. జనరల్ తరగతికి నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ కూడా రావాలి. రిస్ట్రిక్టెడ్ తరగతికి అది అవసరం లేదు. ఇంటర్ చదివే పిల్లలు కొద్ది నెలల శ్రద్ధతో నెగ్గగల పరీక్ష ఇది. ఈ లైసెన్సుతో వ్యాపారం మాట్లాడకూడదు, డబ్బు పుచ్చుకోకూడదు. బండిలో వాడదలచినవారు అందుకు తమ లైసెన్సులో వీలున్నదీ లేనిదీ ముందే తెలుసుకోవాలి.

ఈ హామ్‌లు ఏపాటి పని చేయగలరో 2004 డిసెంబరు 26 సునామీ రోజున దేశమంతా చూసింది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందంతో అండమాన్ వెళ్ళి, పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్, ఫోన్లు తెగిపోయిన ఆ ద్వీపాల నుంచి తన రేడియోలో క్షేమ సమాచారాలు అందించారు. ఆమె అక్కడికి వెళ్ళింది హామ్ రేడియో కార్యక్రమం కోసమే. సెట్టు సిద్ధంగా ఉన్నది, వాడడం తెలిసిన మనిషి ఉన్నది. అందువల్లనే అది ఆదుకున్నది.

లైసెన్సు వచ్చినవారు బండిలో సెట్టు బిగించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. 50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు పది ఆంపియర్ల పైచిలుకు కరెంటు లాగుతుంది. కనుక ఫోను ఛార్జరు సాకెట్టు నుంచి కాక, బ్యాటరీ నుంచే దళసరి తీగ వేయించాలి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. లేకపోతే మధ్యలో తీగ ఒరుసుకుని బండి అంటుకునే ప్రమాదం ఉన్నది. ఇంజను వైపు రేకులోంచి తీగ తెచ్చేచోట రబ్బరు తొడుగు వేయించాలి. చాలా లారీలలో కరెంటు 24 వోల్టులు. 12 వోల్టుల సెట్టును దానికి నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోట సెట్టు బిగించరాదు. ఏరియలు లేకుండా మీట నొక్కరాదు. ఏరియలును బండి పైకప్పు నడిమధ్య పెడితే మన చదును డెల్టాలో పది, పదిహేను కిలోమీటర్లు అందడం కద్దు. ఇంజను ఆపి గంటల తరబడి మాట్లాడితే బ్యాటరీ దిగిపోతుంది. ఆపద వేళ బండీ కదలదు, సెట్టూ పలకదు.

ఇక జిల్లా యంత్రాంగం చేయవలసిన పని. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల సాయంతో వేసవి సెలవుల్లో తీరమండలాల యువతీ యువకులకు ఈ పరీక్షకు శిక్షణ ఇప్పించాలి. నగరాలకు తిరిగే పని లేకుండా పరీక్షను ఇక్కడే జరిపించమని కేంద్ర విభాగాన్ని కోరాలి. లైసెన్సు పొందినవారి జాబితా కలెక్టరు కార్యాలయంలో, తహసీల్దార్ల వద్ద ఉండాలి. ఏటా అక్టోబరుకు ముందు ఒకరోజు ఫోన్లు ముట్టకుండా, కేవలం ఈ సెట్లతోనే ఊరికీ మండలానికీ, మండలానికీ జిల్లాకూ కబురు పంపే అభ్యాసం జరపాలి. దీనికి కోట్ల ఖర్చు అక్కరలేదు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వంటి ప్రతి మండలంలో లైసెన్సు ఉన్నవారు నలుగురు, సెట్టు బిగించిన బండి ఒకటి ఉంటే, టవర్లన్నీ పడిపోయిన రాత్రి కూడా పడవలు ఏ ఊరికి పంపాలో అధికారులకు తెలుస్తుంది.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మనకు అలవాటయిపోయింది. పార్సిలులో తెప్పించుకున్న పెట్టెతో ఆ అలవాటు మారదు. అనుమతి లేని సెట్లు ఇప్పటికే కొన్నవారు వాటిని బండ్లలో బిగించకుండా, బాధ్యత గల అధికారిని కలిసి సలహా పొందడం మేలు. కొనదలచినవారు ముందు పరీక్షకు పుస్తకం పట్టాలి. ఈ వేసవిలోనే తరగతులు ప్రారంభించడానికి జిల్లా అధికారులు పూనుకోవలసి ఉన్నది.