తల్లి సంతకము

బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి మేలుకొని కూర్చుండునది తల్లి. ఆ బిడ్డ పక్షమున సంతకము చేయుటకు మొదటి యధికారి తండ్రి. ఇది కేవలము లోకాచార మనుకొందుమేని పొరపాటు. ఇది మన శాసనమున నక్షరరూపమున నున్న మాట.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టములోని ఆఱవ సెక్షను ప్రకారము మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి. ఆయన ‘తరువాత’ తల్లి. అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లియొద్ద నుండవలెనని యా సెక్షనే చెప్పుచున్నది. అనగా పెంచు భారము తల్లిది, నిర్ణయించు నధికారము తండ్రిది యనియే గదా తాత్పర్యము!

ఆ యొక్క మాటవలని చిక్కు 1984 లో బయటపడినది. రచయిత్రి గీతా హరిహరన్ గారును, వారి భర్తయు, తమ కుమారుని పేర బాండ్లు కొనదలచి, తల్లియే సంరక్షకురాలుగ నుండునని రిజర్వు బ్యాంకునకు దరఖాస్తు పెట్టుకొనిరి. భర్త సమ్మతించినను బ్యాంకు సమ్మతింపలేదు. తండ్రి సంతకమైనను, అధికారుల ధ్రువపత్రమైనను తెమ్మనెను. ‘తరువాత’ యనగా తండ్రి మరణానంతరము మాత్రమే కాదనియు, ఆయన బిడ్డను పట్టించుకొననపుడును, దంపతులు ఒప్పుకొన్నపుడును తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చుననియు 1999 లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. తీర్పు మెచ్చదగినదే. కాని దరఖాస్తునకును తీర్పునకును నడుమ పదునాలుగేండ్లు గడచినవి. అంతకాలము నిలిచి పోరాడగల తల్లులెందఱు?

మన తెలుగునాటనే మఱియొక వ్యాజ్యము నడచినది. భర్తను గోల్పోయి, మరల వివాహమాడిన యొక తల్లి తన బిడ్డకు క్రొత్త కుటుంబపు ఇంటిపేరు పెట్టుకొన్నది. బిడ్డను తమ కప్పగింపుడని తాత, నాయనమ్మలు కోర్టు కెక్కిరి. క్రింది కోర్టు బిడ్డను తల్లినుండి వేఱుచేయక, వారు అప్పుడప్పుడు చూచుటకు మాత్ర మనుమతించినది. అంతవఱకు న్యాయమే. కాని తొలి తండ్రి యింటిపేరే మరల పెట్టవలెనని హైకోర్టు ఉత్తరువిచ్చెను. 2022 లో సుప్రీము కోర్టు దానిని త్రోసివేసి, ఆ హక్కు తల్లిదేయని తేల్చినది.

తండ్రి ప్రేమను మేము తక్కువ చేయుట లేదు. బిడ్డ క్షేమమే పరమప్రధానమని యా చట్టపు పదుమూడవ సెక్షను చెప్పుచున్నది. దంపతులు విడిపోయినపుడు బిడ్డ యెవరియొద్ద నున్నను, రెండవవారు వచ్చి చూచుట భిక్ష కారాదు. అది బిడ్డకు గల హక్కు. క్షేమమే ప్రమాణమైనపుడు తల్లి రెండవ వరుసలో నేల నిలువవలెను?

తల్లిదండ్రులకు సమాన సంరక్షకత్వ ముండవలెనని లా కమిషను 1989 లోను, 2015 లోను సిఫారసు చేసినది. అయినను ‘తరువాత’ యను మాట చెక్కుచెదరక యున్నది. కోర్టులు వ్యాఖ్యానింపగలవు, శాసనమును దిద్దవలసినది పార్లమెంటు. తీర్పు నెఱుగని గుమాస్తా యెదుట నిలిచిన తల్లికి వ్యాఖ్యాన మక్కఱకు రాదు. అక్షరమే యక్కఱకు వచ్చును. ‘తండ్రియు, తల్లియు’ నని వ్రాయుట కింకెన్ని యేండ్లు కావలెను? ఓట్లకై గుమ్మము త్రొక్కువారిని పాఠకులీ ప్రశ్న యడుగుదురుగాక.